తీర్మానం ఎవరిది?

మృగశిర కార్తె వచ్చిందంటే ఊళ్ళో ప్రతి రైతు ఇంట్లో ఒకటే ఆలోచన, పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలని. విత్తనం, ఎరువు, దుక్కి, నాటు కూలి, అన్నీ పంట చేతికి రాకముందే పెట్టాల్సినవే. ఎవరో ఒకరు అప్పివ్వాలి. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఏ నమ్మకం మీద ఇవ్వాలో ఎవరో ఒకరు తేల్చాలి. నా ఉద్యోగ జీవితమంతా ఈ తేల్చడం చుట్టే గడిచింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్‌గా హుజూరాబాద్, సిరిసిల్ల, జగిత్యాల వైపు ఊళ్ళన్నీ తిరిగాను. డబ్బు లెక్క తప్పితే పట్టుకోవడం తేలికే, కూడిక ఎక్కడో ఒకచోట బయటపెడుతుంది. నిర్ణయం తప్పితే పట్టుకోవడం కష్టం. అది ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో, చేసినప్పుడు వాళ్ళకు ఏం తెలుసో కాగితం మీద దొరకదు. మా జిల్లా సహకార చరిత్రను నేను ఆ దారినే చదువుకున్నాను.

సంఘాలు రాకముందు ఆ నిర్ణయం సావుకారి అరుగు మీద జరిగేది. ఆయనకు ఏ పత్రమూ అక్కర్లేదు. ఎవరి చెలక వాగు ఒడ్డున ఉంది, ఎవరి బావిలో ఎండకాలం కూడా నీళ్ళుంటాయి, ఎవరి ఎద్దు ముసలిదయింది, ఎవరింట్లో ఆడపిల్ల పెళ్ళి దగ్గరకొచ్చింది, అన్నీ మనసులో ఉండేవి. అందుకే కూర్చున్నచోటే తేల్చేవాడు. రైతు గురించిన తెలివిడిలో ఆయనను మించిన బ్యాంకు ఇప్పటికీ రాలేదని నేననుకుంటాను. ఆ తెలివిడి అంతా ఆయన లాభానికే పనిచేసేది. వడ్లు నాగుకు ఇస్తే కల్లం దగ్గర ఒకటికి ఒకటిన్నర కొలిపించుకునేవాడు. చిట్టా ఆయన దగ్గరే, కాంటా ఆయనదే, పంట కొనేదీ ఆయనే. తన బాకీ ఎంతో రైతుకు ఆయన నోటితో చెప్తేనే తెలిసేది.

ఈ బాధ మన ఒక్కరిదే అయితే మందు ఇంకా ఆలస్యంగా వచ్చేదేమో. 1860ల్లో జర్మనీ పల్లెల్లో ఫ్రీడ్రిఖ్ రైఫైజెన్ అనే పురపాలకుడు అప్పు సంఘాలు పెట్టాడు. సంఘం పరిధి చిన్నదిగా ఉండాలి, ఒకరి అప్పుకు అందరూ పూచీ పడాలి, పాలకవర్గానికి జీతం ఉండకూడదు, ఇవీ ఆయన షరతులు. పైకి ఇవి డబ్బు షరతుల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం ఇవి నిర్ణయానికి పెట్టిన షరతులే. సావుకారికి తెలిసినదంతా ఇరుగుపొరుగుకూ తెలుసు కదా, ఆ తెలిసినవాళ్ళనే కూర్చోబెట్టి తేల్చమనడం, తప్పు తేలిస్తే నష్టం కూడా వాళ్ళమీదే పడేటట్టు చేయడం అందులోని సారం. 1890ల్లో మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతిని చదివి నివేదిక ఇచ్చాడు. 1904లో బ్రిటిష్ ఇండియాకు, 1914లో నిజాం రాజ్యానికి సహకార చట్టాలు వచ్చాయి.

చట్టం వచ్చింది గానీ తేల్చేవాళ్ళు మారలేదు. చాలా ఊళ్ళలో సంఘం పెద్ద అంటే పటేలో, పట్వారీయో, భూస్వామో. పహాణీ రాసేవాడి మాటే పూచీ. స్వాతంత్ర్యం వచ్చాక రిజర్వు బ్యాంకు దేశమంతా గ్రామీణ రుణాల సర్వే చేయించింది. 1954లో అచ్చయిన ఆ నివేదిక ప్రకారం 1951-52లో రైతు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం. అర్ధ శతాబ్దపు చట్టాల ఫలితం అది.

ఆ 3.1 శాతం ఎందుకు పెరగలేదో నాకు పుస్తకాల కన్నా తీర్మానాల రిజిస్టర్లు బాగా చెప్పాయి. సంఘానికి వెళ్ళగానే రోకడ కన్నా ముందు తీర్మానాల పుస్తకం అడగడం నా అలవాటు. పొడుగాటి రిజిస్టరు, పేజీలకు నంబర్లు. మార్జిన్‌లో తీర్మానం సంఖ్య, మధ్యలో విషయం, దాని కింద ప్రతిపాదించినవారు, బలపరచినవారు, చివర హాజరైన డైరెక్టర్ల సంతకాలు, వేలిముద్రలు. సంతకాలు ముందు పెట్టించుకుని తీర్మానం తర్వాత రాస్తే ఆ పేజీ దాచలేదు. పై వరుసలు తీరుబడిగా ఉండి కిందికి వచ్చేకొద్దీ అక్షరం చిన్నదవుతుంది, చివరి వరుస వేలిముద్ర చుట్టూ వంగి పోతుంది. లేదంటే స్థలం మిగిలిపోయి అడ్డగీత కొట్టి ఉంటుంది. నాలుగు నెలల నాలుగు సమావేశాలు ఒకే సిరా, ఒకే ఒరవడి అయితే అవి ఒకేసారి కూర్చుని రాసినవని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అప్పు వోచరు మీద జూన్ తేదీ, అప్పు మంజూరు తీర్మానం మీద జూలై తేదీ ఉన్న సంఘాలు నేను చాలానే చూశాను.

ఒక కార్యదర్శిని ఇదే అడిగితే ఆయన దాచుకోలేదు. "పైసలిచ్చినంకనే తీర్మానం రాసుకుంటం సార్. డైరెక్టర్లందరు కూడేదాక ఆగుమంటె వాన ఆగుతదా?" అన్నాడు. ఆయన దొంగ కాడు. రోకడ నయాపైసతో సహా సరిపోయింది. ఆయన మాటలో నిజం కూడా ఉంది, అదునులో అందని అప్పు అప్పే కాదు. కానీ ఆ ఏడు అదే సంఘంలో ఒకే సర్వే నంబరు మీద అన్నకూ తమ్ముడికీ విడివిడిగా అప్పు పోయింది. పాలకవర్గంలో ఆ ఊరి డైరెక్టరు ఉన్నాడు, పొత్తుల భూమి అని ఆయనకు తెలుసు. అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు, సంతకం మాత్రం తీసుకున్నారు.

సంఘం పనిలో అప్పు నిర్ణయానికి ఒక పత్రం ఉంది, రుణ పరిమితి పట్టిక అంటాం. సభ్యుడి పేరు, సభ్యత్వ సంఖ్య, సర్వే నంబరు, తరి ఎంత, ఖుష్కీ ఎంత, వేసే పంట, ఎకరానికి ఇవ్వాల్సిన మొత్తం, అతని వాటాధనం, పాత బాకీ, చివరి గడిలో పరిమితి. పంటల కాలం రాకముందే కార్యదర్శి దీన్ని తయారుచేయాలి, పాలకవర్గం ఒక్కో పేరూ చూసి ఒప్పుకోవాలి, ఆ తర్వాత జిల్లా కేంద్ర సహకార బ్యాంకు మంజూరు చేయాలి. ఎకరానికి ఎంత అన్నది జిల్లాస్థాయి సాంకేతిక కమిటీ ముందే తేల్చి పెడుతుంది. ఇప్పుడు ఈ పట్టికలో ఊరివాళ్ళకు తేల్చడానికి మిగిలిందేమిటి? ఎకరాలు రికార్డు చెప్తుంది, రేటు జిల్లా చెప్తుంది, గుణించడం గుమాస్తా పని. మనిషి గురించిన గడి ఆ పట్టికలో లేనేలేదు. నీళ్ళు ఎండిన బావి ఏది, వలస పోయినవాడు ఎవడు, కౌలుకిచ్చి తన పేరున అప్పు తీసేవాడు ఎవడు అన్నది రాసేందుకు చోటు లేదు. సావుకారి తెలివిడిని ఊరికి తేవాలని పెట్టిన సంఘం, దాన్ని రాసే గడిని మాత్రం పెట్టుకోలేదు.

అయితే మా జిల్లాలోనే దీనికి వేరే జవాబు చెప్పిన ఊరు ఉంది. హనుమకొండ నుంచి హుస్నాబాద్ వైపు పోయే దారిలో ముల్కనూరు. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 విభజనలో వరంగల్ అర్బన్‌కు పోయి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. భీమదేవరపల్లి మండలం. పి.వి. నరసింహారావు ఊరు వంగర, సంక్రాంతికి వీరభద్రుడి జాతర జరిగే కొత్తకొండ కూడా ఆ మండలానివే. బావుల మీద, చెరువుల మీద, వాన మీద బతికిన నేల. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టారు. 14 ఊళ్ళు, 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటాధనం. అంటే తలకు ఆరు రూపాయల చిల్లర.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. రైతాంగ సాయుధ పోరాటం ఆగి ఐదేళ్ళు. జాగీర్లు రద్దయి ఏడేళ్ళు, కౌలుదారీ చట్టం వచ్చి ఆరేళ్ళు. భూమి మీద కొంత హక్కు చేతికొచ్చినా పెట్టుబడికి మళ్ళీ పాత గడపే తొక్కాల్సిన కాలం. అదే ఏడు నవంబరు 1న రాష్ట్రమే మారింది. అలాంటప్పుడు 14 ఊళ్ళ రైతులు తలా ఆరు రూపాయలు వేసి ఒక సంఘాన్ని నమ్మడం చిన్న సంగతిగా నేను చూడలేను.

రైఫైజెన్ లెక్కకు 14 ఊళ్ళు ఎక్కువే. వంగర రైతు బావి సంగతి ముల్కనూరు డైరెక్టరుకు ఎలా తెలుస్తుంది? ముల్కనూరు దీనికి కనుక్కున్న ఉపాయం, అప్పును ఒంటరిగా ఉంచకపోవడం. అప్పు ఇచ్చేదీ సంఘమే, ఎరువు, విత్తనం అమ్మేదీ సంఘమే, పంట కొనేదీ సంఘమే, వడ్లు పట్టించే మిల్లూ, పత్తి జిన్నింగు మిల్లూ సంఘానివే. పంట అమ్మిన డబ్బులోంచే అప్పు జమ చేసుకుంటారు. వసూలుకు మంచి ఉపాయమని అందరూ మెచ్చుకునేది ఇందుకే. వసూలు సరే, నేను మెచ్చేది ఇంకోటి. ఇన్ని పనులు ఒకే చోట జరిగితే ఆ రైతు సంగతంతా ఒకే చోటికి చేరుతుంది. ఎంత అప్పు తీశాడు, ఎన్ని బస్తాల యూరియా ఎత్తాడు, ఏ నెలలో ఎత్తాడు, ఎన్ని క్వింటాళ్ళ వడ్లు తోలాడు. మూడు పంటల ఖాతా పక్కపక్కన పెట్టి చూస్తే అతని నేల ఎంత పండుతుందో, అతని చేతిలో డబ్బు ఎలా నిలుస్తుందో తేట తెల్లమవుతుంది. సావుకారి మనసులో ఉన్న చిట్టా ఇక్కడ ఖాతా పుస్తకంలోకి వచ్చింది. పైగా దాని ప్రతి రశీదు రైతు చేతిలోనూ ఉంది. వచ్చే ఏడు అతనికి ఎంత ఇవ్వచ్చు అన్న ప్రశ్నకు పాలకవర్గం ముఖం చూసి జవాబు చెప్పాల్సిన పని లేదు.

రెండో సంగతి డబ్బు ఎవరిదన్నది. జిల్లా బ్యాంకు నుంచి వచ్చిన డబ్బు పంచే సంఘంలో మొండి బకాయి పడితే ఊరివాళ్ళకు అది ఎవరి నష్టంగానూ కనిపించదు. ముల్కనూరులో సభ్యుల పొదుపు, సభ్యుల డిపాజిట్లు సంఘానికి బలం. పక్కింటాయన అప్పు ఎగ్గొడితే పోయేది నా పొదుపు. అప్పుడు మహాజన సభలో ప్రశ్న దానంతట అదే లేస్తుంది. మిగులు ఎంత, దాన్ని పంచాలా, మిల్లు మీద పెట్టాలా అన్నది కూడా ఆ సభకు వచ్చే ప్రశ్నే. తమ డబ్బు గురించి తామే తేల్చుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలకూ, పైనుంచి వచ్చిన డబ్బు గురించి అడిగే ప్రశ్నలకూ ఎంత తేడా ఉంటుందో ఆడిటర్లకు బాగా తెలుసు.

విత్తన వరి సంగతి ఇక్కడ చెప్పకపోతే లోటు. కరీంనగర్, వరంగల్ ఊళ్ళు హైబ్రిడ్ వరి విత్తనానికి పేరు. మా రైతులు ఆడ, మగ వరి అంటారు. మగ మొక్కల వరుసలు కొన్ని, ఆడ మొక్కల వరుసలు కొన్ని వేస్తారు. రెండూ ఒకేసారి పూతకు రావాలని నాట్లు తేదీలు మార్చి వేస్తారు. పూత మీద ఉన్న రోజుల్లో పొద్దెక్కాక ఇద్దరు చెరో గట్టున నిలబడి తాడు లాగుతారు, మగ వరుసల పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడాలి. అయితే పక్క మడిలో ఇంకో రకం వరి అదే సమయానికి పూస్తే ఆ పుప్పొడీ వచ్చి కలుస్తుంది, విత్తనం పనికిరాదు. కాబట్టి చుట్టూ దూరం ఉండాలి, లేదా పక్కవాళ్ళ నాటు వారాల తేడాతో పడాలి. ఒక రైతు ఏం వేయాలన్నది పక్క నలుగురు ఒప్పుకుంటే తప్ప తేలదు. ముల్కనూరు సంఘం సభ్యుల తరఫున ఈ విత్తన సాగు నడిపిస్తుంది. ఇలాంటి పంటలో సంఘం విలువ వడ్డీ తగ్గించడంలో కన్నా, పది మడుల వాళ్ళను నాటుకు ముందే ఒక మాట మీదికి తేవడంలో ఉంది. పొలంలో తాడు లాగే ఆ ఇద్దరినీ చూసినప్పుడల్లా, దీని వెనక ఎంతమంది ఒప్పుకోలు ఉందో అనుకునేవాణ్ణి.

మిగతా జిల్లా కథ వేరుగా నడిచింది. 1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్ట్రారుకు విచారణ అధికారం, పాలకవర్గాన్ని రద్దుచేసే అధికారం ఉన్నాయి. తప్పు చేసినవాళ్ళను పట్టుకోవడానికి అవి కావాలి, నేను కూడా ఆ సెక్షన్ల కింద నివేదికలు రాశాను. కానీ ఎన్నికలు వాయిదా వేసి, పాలకవర్గం స్థానంలో పర్సన్ ఇంచార్జ్‌ను కూర్చోబెట్టడం మామూలైపోయింది. 1987లో సింగిల్ విండో విధానం వచ్చి చిన్న సంఘాలన్నీ కలిసిపోయాయి. ఇప్పటికీ మా దగ్గర సహకార సంఘం అంటే తెలియనివాళ్ళుంటారు గానీ సింగిల్ విండో అంటే తెలియనివాళ్ళు లేరు. రైతు ఒక్క చోటికే పోతే చాలన్న ఉద్దేశం మంచిదే. కానీ సంఘం పెద్దదై, డైరెక్టరుకు తెలియని ఊళ్ళు ఎక్కువయ్యాయి. 1990లో కేంద్రం పదివేల దాకా అప్పులు మాఫీ చేసింది. ఆ ఏడు కట్టినవాళ్ళు వెర్రివాళ్ళయ్యామని బాధపడటం నేను చెవులారా విన్నాను. కట్టాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఊరు దాటి ఢిల్లీకి పోయింది. పాలకవర్గాల పదవీకాలం ఐదేళ్ళయితే, తెలంగాణలో 2013 తర్వాత ఎన్నికలు మళ్ళీ 2020 ఫిబ్రవరిలోనే జరిగాయి.

1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. మ్యాక్స్ చట్టమని పిలుస్తాం. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. సహవికాస సంస్థ దీనికోసం ఏళ్ళ తరబడి పాటుపడింది. ఈ చట్టం కింద సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు, పాలకవర్గాన్ని ప్రభుత్వం రద్దుచేయలేదు, ఆడిటర్‌ను మహాజన సభే నియమించుకుంటుంది. మా శాఖలో చాలామందికి ఇది నచ్చలేదు. మేం చూడకపోతే ఎవరు చూస్తారన్నారు. సభ్యులు చూస్తారన్నదే ఆ చట్టం జవాబు. నా ఉద్యోగానికి విరుద్ధంగా మాట్లాడినట్టు ఉన్నా, ఆ జవాబు సరైనదని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అదే మాట.

దానికి రుజువు ముల్కనూరు ఆడవాళ్ళే చూపించారు. 2000లో సహవికాస తోడ్పాటుతో అక్కడ మహిళా సహకార డెయిరీ మొదలైంది. స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. ఊరూరా పాల సంఘాలు, వాటన్నిటి మీద యూనియన్, అన్నిచోట్లా సభ్యులు, పాలకవర్గం ఆడవాళ్ళే. పొద్దున పాల కేంద్రం దగ్గర నిలబడి చూస్తే నిర్ణయం ఎంత చిన్న కాగితం మీద నిలుస్తుందో తెలుస్తుంది. చెంబులో తెచ్చిన పాలు కొలుస్తారు, నమూనా తీస్తారు, వెన్న శాతం చూస్తారు, దాన్ని బట్టి ధర. అంకె ఆమె ఎదుటే పడుతుంది. నిన్నటి శాతం కన్నా తగ్గితే అక్కడికక్కడే అడుగుతుంది, బర్రెకు ఏం మేత వేశానో గుర్తుచేసుకుంటుంది. ఏడాది చివర మిగులు వస్తే పోసిన పాలకు తగ్గట్టు బోనస్‌గా పంచుతారు. బోనస్ ఎంత అన్న సభలో మాట్లాడే ఆమె దగ్గర ఏడాది పొడుగునా తన చేతికొచ్చిన లెక్క ఉంది. సంతకం రాని ఆమెనైనా సరే, ఆ లెక్కలో ఎవరూ మోసం చేయలేరు.

సభ్యులు ఎన్నుకున్నంత మాత్రాన నిర్ణయమంతా వాళ్ళదైపోదు, ఆ సంగతి సిరిసిల్ల చెప్తుంది. దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల ఒకటి. ఆ సంఘాన్ని సెస్ అంటారు. 1970 నుంచి కరెంటు టోకున కొని ఊళ్ళకు ఇస్తోంది. 2022 డిసెంబరులో డైరెక్టర్ల ఎన్నికలు శాసనసభ ఎన్నికల జోరుతో జరిగాయి. కానీ కొనే కరెంటు ధర నియంత్రణ మండలి చెప్తుంది, 2004 నుంచి వ్యవసాయానికి ఉచితం అన్నది ప్రభుత్వం చెప్తుంది. ఏ వాడకు ముందు ట్రాన్స్‌ఫార్మర్ వేయాలన్నది, చెడిపోతే ఎంత తొందరగా మార్చాలన్నది సెస్ చేతిలో ఉంది. ఆ కొంచెం కూడా చిన్నదేం కాదు, నాట్ల సమయంలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ రెండు రోజుల్లో మారడానికీ పది రోజుల్లో మారడానికీ మధ్య ఒక పంట ఉంటుంది.

గోదావరి దాటి ఆదిలాబాద్ పోతే ఇంకో పద్ధతి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమ్ నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో చూడమని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగే సమయంలోనే అధికారులు అక్కడికి వచ్చి ఆదివాసుల ఫిర్యాదులు వినే దర్బారు ఆయన పెట్టించాడు. ఇవాళ్టికీ పుష్య అమావాస్య జాతరలో అది జరుగుతుంది. కచేరీకి పోలేని మనిషి దగ్గరికి కచేరీ రావడం గొప్ప ఆలోచన. కానీ దర్బారులో వినేది ఒకచోట, తేల్చేది ఇంకోచోట. పోడు పట్టా అడిగినవాడి దరఖాస్తు అక్కణ్ణుంచి అటవీ శాఖకో, రెవెన్యూకో పోతుంది. అదే కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశం వాళ్ళు మాత్రం గోదావరి నీళ్ళకు ఏ రోజు బయల్దేరాలి, ఏ దారిన నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది తామే కూర్చుని తేల్చుకుంటారు. కొత్త గుడిని తమ చందాలతోనే కట్టుకుని 2022 డిసెంబరులో తెరిచారు. ఒకే నేల మీద, ఒకే జాతరలో రెండు రకాల నిర్ణయాలు. ఏది వేగంగా జరుగుతుందో, ఏది నిలుస్తుందో చూసినవాళ్ళకు తెలుసు.

మా మేనకోడలు హైదరాబాదులో బ్యాంకు పనులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో చేస్తుంది. పంట అప్పు ఎలా నడుస్తుందో బొమ్మ గీసి నాకు చూపించింది. దరఖాస్తు ఒక పెట్టె, పరిశీలన ఒక పెట్టె, మధ్యలో వజ్రం గుర్తు, అర్హుడా కాదా, అవునంటే ఇటు బాణం, కాదంటే అటు బాణం. "ఇందులో ఏమన్న తప్పుంటె చెప్పు మామా" అంది. పని నడిచే దారిని ఇలా బొమ్మగా గీయడం ఇవాళ్టిది కాదు. 1921లో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ఇంజినీర్ల సంఘం ముందు పెట్టిన పద్ధతి. "బిడ్డా, బాణాలన్నీ బాగున్నయి. ఆ వజ్రం కాడ ఎవరు కూసుంటరు? వాళ్ళ చేతిల ఏ కాగితం ఉంటది?" అని అడిగాను. దానికి తమ దగ్గర వేరే బొమ్మ ఉందని చెప్పింది. 2015లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ నిర్ణయాలను పని దారి నుంచి విడదీసి చూపే పద్ధతిని ప్రకటించిందట. ఏ నిర్ణయానికి ఏ సమాచారం కావాలి, ఆ నియమం ఎక్కడినుంచి వచ్చింది, అది ఏ ఇంకో నిర్ణయం మీద ఆధారపడుతుంది అన్నవన్నీ అందులో విడిగా గీస్తారట. ఆ బొమ్మ చూసి చాలా సంతోషించాను. వోచరు జూన్‌లో, తీర్మానం జూలైలో ఉన్న సంఘాల్లో నేను వెతికి వేసారిన సంగతి అదే.

ఇది ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను 2,516 కోట్లతో కంప్యూటర్లకు ఎక్కించే పథకాన్ని ఆమోదించింది. దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్. తేదీలు మార్చి రాయడం, సిరా ఒరవడి చూసి ఆడిటర్ పట్టుకోవాల్సి రావడం తగ్గుతాయి, దాన్ని మనసారా స్వాగతిస్తున్నాను. కానీ పాత రుణ పరిమితి పట్టికలో లేని గడి కొత్త తెర మీదికి దానంతట అది రాదు. ఎకరాలను రేటుతో గుణించే పని యంత్రానికి అప్పగిస్తే, పాలకవర్గానికి మిగిలేది బొటనవేలు ఆనించడమే అవుతుంది. ఊరి డైరెక్టరు తనకు తెలిసింది రాసే చోటు, ఎందుకు ఒప్పుకున్నాడో, ఎందుకు ఒప్పుకోలేదో రాసే చోటు, దాన్ని సభ్యుడు చదువుకునే వీలు ఆ తెర మీద ఉండాలి. ముల్కనూరు ఖాతా పుస్తకం, డెయిరీ వెన్న శాతం చీటీ ఆ పని కాగితం మీద చేసి చూపించాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఒక్కసారి అక్కడికి పోయి చూస్తే బాగుంటుంది.

సింగిల్ విండోలో సభ్యులుగా ఉన్న రైతులకు నాదొక విన్నపం. మహాజన సభ మొదలు కాగానే, గత సమావేశపు తీర్మానాలు చదివి వినిపించగా సభ ఏకగ్రీవంగా ఆమోదించింది అని ఒక వాక్యం పుస్తకంలోకి పోతుంది. చాలాచోట్ల ఎవరూ చదవరు, ఎవరూ వినరు. ఈసారి నోటీసు వచ్చినప్పుడు వెళ్ళండి. ఆ పుస్తకం తెరిచి, మీ పేరున ఉన్న అప్పు ఏ తేదీ తీర్మానంతో ఇచ్చారో, దాన్ని ఎవరు ప్రతిపాదించారో గట్టిగా చదివి వినిపించమని అడగండి.